పెద్దవలకు మృదంగం

విజయనగరంలోని ఒక ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో నేను మృదంగం పక్కవాద్య కళాకారుడిగా పనిచేశాను. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, దీపావళి సెలవులు అయిన వారంలో, ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి ఒక ఆఫీసు ఆర్డరు చేతికిచ్చారు. జనవరి చివర్లో విశాఖపట్నంలో జరిగే యువజన నృత్యోత్సవానికి మా కాలేజీ ఇరవై నిమిషాల సమకాలీన నృత్యం ఒకటి కొత్తగా తయారుచేయాలి. నృత్యదర్శకురాలు బయటి నుంచి వస్తారు. వాద్యం బాధ్యత నాది.

పక్కవాద్యం అనేది మా శాఖలో లెక్చరర్ కంటే కింది హోదా. నృత్యం క్లాసులో గురువుగారు తకధిమి అంటూ జతి చెబుతారు, మేము వాయిస్తాం. ఏ అడుగు తాళంలో ఏ అక్షరం మీద పడాలో ముందే తెలుస్తుంది. ఎక్కడ ముగించాలో కూడా తెలుస్తుంది. ఒకే దరువును మూడుసార్లు వాయిస్తే అది ముక్తాయింపు, చూసేవాళ్లకు చప్పట్లు కొట్టే చోటు. ముప్పై ఏళ్లు అలా బతికినవాణ్ణి.

వచ్చిన నృత్యదర్శకురాలి పేరు నీలవేణి. పాలకొండ అమ్మాయి. బెంగళూరులో నేర్చుకుని అక్కడే పదేళ్లు పనిచేసింది. మొదటిరోజు నేను మృదంగానికి శ్రుతి చేసుకుని కూర్చుంటే, ఆమె నమస్కారం పెట్టి, “మాస్టారూ, ఈ వారం వాయించకండి. ఊరికే చూడండి” అంది.

జీతం తీసుకుంటూ ఊరికే చూడటం నాకు కొత్త.

ఆమె పద్ధతి ఇది. ఎనిమిదిమంది విద్యార్థులను ఎంచుకుంది. మీ ఇళ్లల్లో, ఊళ్లల్లో చూసిన పనుల్లోంచి తలా మూడు కదలికలు తెమ్మంది. ఒకరు చాటతో చెరిగారు, ఒకరు వరి పనలు మోశారు, ఒకరు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడారు. అన్నీ ఫోన్లో వీడియో తీసుకుంది. వారం తిరిగేసరికి దాదాపు అన్నీ తీసేసింది. మిగిలింది ఒక్కటే: సముద్రపు ఒడ్డున వల లాగడం. అది తెచ్చిన పిల్ల పేరు గౌరి. భావనపాడులో చేపలవాళ్ల ఇంటి అమ్మాయి, సర్టిఫికెట్ కోర్సు మొదటి ఏడాది. మిగతా ఏడుగురూ డిప్లొమా వాళ్లు, అంటే ఆ పిల్లకు నాలుగైదేళ్లు సీనియర్లు.

రెండోవారం నన్ను వాయించమన్నారు. నేను ఆదితాళంలో, ఎనిమిది అక్షరాలకు ఎనిమిది లాగుళ్లు చక్కగా పొదిగాను. పిల్లలు మొహాన నవ్వు పెట్టుకుని, మోకాళ్లు అందంగా వంచి, దరువు దరువుకీ తాడు లాగారు. అప్పుడు గౌరి చేయెత్తింది.

“మాస్టారూ, అలాగ లాగరండి. మజ్జిలో ఆగుతారండి.”

“తాళం మధ్యలో ఆగదమ్మా. నువ్వు లెక్క చూసుకో” అన్నాను.

సీనియర్లు నవ్వారు. ఆ పిల్ల చేయి దించేసి లెక్క చూసుకుంది. ఆ తర్వాత నెలరోజులు నోరు విప్పలేదు.

జనవరి మొదట్లో ప్రిన్సిపాల్ గారు రిహార్సల్ చూడటానికి వచ్చారు. పూర్తిగా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇది స్కూలు ఆటలపోటీల్లో తాడు లాగుడులా ఉందన్నారు. పది రోజుల్లో బాగుపడకపోతే పాత తరంగం పంపిస్తామని చెప్పి వెళ్లారు. తరంగం అంటే పళ్లెం అంచుల మీద నిలబడి చేసే కూచిపూడి అంశం. మా కాలేజీ ఏటా పంపేది అదే. నీలవేణి గౌరి దగ్గరికి వెళ్లి, మీ ఊళ్లో వల ఎప్పుడు లాగుతారని అడిగింది.

ఆ ఆదివారం పొద్దున్నే అందరం పలాస పాసింజర్ ఎక్కి, నౌపడలో దిగి, రెండు ఆటోల్లో భావనపాడు చేరాం. ఒడ్డు నుంచి లాగే వలను అక్కడ పెద్దవల అంటారు. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వస్తుంది. రెండు కొసల తాళ్లు ఒడ్డున రెండు జట్లు పట్టుకుంటాయి. గౌరి వాళ్ల మామ్మ ఎర్రమ్మ మగవాళ్లతో సమానంగా తాడు పట్టి నిలబడి ఉంది. మనవరాలిని చూసి చేయి ఊపింది గానీ తాడు వదల్లేదు.

మా పిల్లలను కూడా పట్టమన్నారు. పట్టి, కాలేజీలో నేర్చుకున్నట్టే లాగారు. ఎర్రమ్మ గట్టిగా అరిచింది.

“ఒసే, ఏటే ఆ లాగడం? సేతుల్తో కాదే, మడమలు పాతీయండి! కెరటం ఎనక్కి పోతన్నప్పుడు లాగితే తాడు తెగిపోద్ది. ఆగండి! అది వస్తాది, అప్పుడు లాగండి!”

అప్పుడు చూశాను. కెరటం ఒడ్డుకు వస్తున్నప్పుడే వల కదులుతుంది. వెనక్కి పోతున్నప్పుడు జనమంతా మడమలు ఇసుకలో దించి, ఊపిరి బిగబట్టి నిలబడతారు. లాగడం కంటే ఆగడమే ఎక్కువసేపు. ఆ ఆగడం ఒక్కోసారి నాలుగు అక్షరాలు, ఒక్కోసారి పదకొండు. చేతివేళ్ల మీద లెక్కపెట్టబోయి వదిలేశాను. వెనక చివర ఉన్న మనిషి తాడు వదిలి, నడుచుకుంటూ ముందుకొచ్చి నీళ్ల దగ్గర మళ్లీ పట్టుకుంటాడు. ఎవరూ ఎవరికీ చెప్పరు.

గౌరి నా పక్కనే ఉంది. ఆ రోజు నువ్వు చెప్పింది నేను వినాల్సిందమ్మా, తప్పు నాది అన్నాను. ఆ పిల్ల మొహమాటపడలేదు.

“పర్లేదు మాస్టారూ. ఇప్పుడు మీరు ఆగండి, నాను లాగుతాను.”

వల ఒడ్డుకొచ్చాక, తర్వాత ఏం చేస్తారని నీలవేణి ఎర్రమ్మను అడిగింది. నృత్యానికి ముగింపు అప్పటికింకా దొరకలేదు.

“ఏటి సేస్తాం? సేపలేరుకుంటాం. తాడు సుట్టి పెడతాం. రేపు మళ్లా కావాల గదా” అంది ఎర్రమ్మ.

తిరుగు రైల్లో నీలవేణి నోటుబుక్కు తీసి పాతదంతా కొట్టేసింది. ముందు వరసలో గౌరిని పెట్టింది. నవ్వులు తీసేయించింది. లెక్క లేదు, గౌరి మడమ దించితే అందరూ ఆగాలి, గౌరి ఊపిరి వదిలితే అందరూ లాగాలి. డిప్లొమా పిల్లలకు మొదట కష్టంగానే ఉంది. మూడోరోజుకు ఎనిమిది వీపులూ ఒకేసారి వాలడం మొదలైంది. నా వాద్యంలో జతులన్నీ పోయాయి. మృదంగం ఎడమ వైపు మణికట్టు నొక్కి జరిపితే మూలిగినట్టు ఒక శబ్దం వస్తుంది, దాన్ని గుమికి అంటాం. వాళ్లు ఆగినంతసేపూ అది మాత్రమే వాయించాను. లాగేటప్పుడు వాయించలేదు. పదోరోజు ప్రిన్సిపాల్ గారు మళ్లీ చూసి, బస్సు బుక్ చేయమని క్లర్కుకు చెప్పారు.

ఉత్సవంలో మా వంతు మధ్యాహ్నం వచ్చింది. ఎర్రమ్మను గౌరి ముందే పిలిచి మూడో వరసలో కూర్చోబెట్టింది. పంతొమ్మిది నిమిషాలు హాల్లో ఎవరూ కదల్లేదు. చివర పిల్లలు ఏ శబ్దమూ లేకుండా తాడు చుట్టి, కింద పెట్టి, నిలబడ్డారు. ముక్తాయింపు లేదు కాబట్టి అయిపోయిందో లేదో ఎవరికీ అర్థం కాలేదు. మూడో వరసలోంచి గొంతు లేచింది.

“అయిపోనాదర్రా! సప్పట్లు కొట్టండి!”

హాలంతా నవ్వింది, ఆ నవ్వుతోనే చప్పట్లు మొదలై చాలాసేపు ఆగలేదు. మాకు రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒకరు మా మార్కుల పత్రంలో, ప్రేక్షకుల మధ్య ఒక పాత్రను కూర్చోబెట్టిన ఆలోచన కొత్తగా ఉందని మెచ్చుకున్నారు. నీలవేణి ఆ మాట దిద్దలేదు. ఎర్రమ్మకు చెబితే, “మరైతే నాకేదీ కప్పు?” అని అడిగింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లూ ఒక పద్ధతి పాటించాను. కొత్త అంశం ఏది మొదలైనా తాళం ముందుగా కట్టలేదు. అందులో చూపించే పని నిజంగా చేసేవాళ్లను చూసొచ్చాకే మృదంగం ముట్టుకున్నాను. రిహార్సల్లో అందరికంటే చిన్న తరగతి వాళ్లను మొదట మాట్లాడమన్నాను. దానివల్ల ప్రతిసారీ పని ఒక వారం ఆలస్యమైంది. ఏ అంశాన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిన అవసరం మాత్రం రాలేదు.