ముందు వదలడం నేర్పిన మా డాక్టరమ్మ

మా కింది అంతస్తు ఫిజియోథెరపీ డాక్టరమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. నెల రోజుల జ్వరం, ఆసుపత్రి, అంతే. సంతాప సభ అని మా నాచారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కమ్యూనిటీ హాలు తెరిచారు. కుర్చీలు వేశారు, ఫ్యాన్లు తిప్పారు. అదే హాలును ముసలివాళ్ల వ్యాయామానికి ఆదివారం పొద్దున గంటసేపు ఇమ్మని ఆమె మూడేళ్లు అడిగింది. ఇవ్వలేదు. "ఉచ్చ ఆగని ముసలోళ్లకు హాలెందుకు మేడం?" అని సెక్రటరీ నా ముందే నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకింకా మండుతూనే ఉంది.

అవును, ఆ ముసలివాళ్లలో నేనొకణ్ని. సిగ్గు దేనికి? ప్రొస్టేట్ ఆపరేషన్ అయ్యాక దగ్గితే చుక్క, లేస్తే చుక్క. ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాణ్ని, ప్యాంటు తడుస్తుందని మెట్లు దిగడమే మానేశాను. ఆసుపత్రిలో వ్యాయామం కాగితం ఒకటి ఇచ్చారు. నాకు చదువు తక్కువ. బొమ్మలు చూస్తే కింది కండరాలు బిగించాలన్నంత వరకు అర్థమైంది. లూజుంటే బిగించడమే కదా, బతుకంతా నేను చేసిన పని! టీవీ ముందు, అన్నం ముందు, పళ్లు కొరుక్కుని, ఊపిరి బిగబట్టి రోజంతా బిగించాను. తడి ఇంకా ఎక్కువైంది.

మా ఆవిడ నాకు చెప్పకుండా వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. కోస్తా వైపు మనిషి, నన్ను బాబాయ్ గారూ అనేది. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోమంది. వంటింట్లోంచి అరకిలో కందిపప్పు ప్యాకెట్ తెచ్చి నా పొట్ట మీద పెట్టింది.

"ఇది పైకి లేవాలి, కిందికి దిగాలి. దాన్నే చూస్తూ ఊపిరి తీసుకోండి."

"ఊపిరి పీల్సుడు నాకు నేర్పుతవా బిడ్డా? డెబ్బై ఏండ్ల సంది పీలుస్తున్న."

"పీలుస్తున్నారు బాబాయ్ గారూ, వదలట్లేదు. నట్టు ఆగకుండా బిగిస్తూ పోతే ఏమవుతుంది?"

"థ్రెడ్డు పోతది."

"మరి?"

పొట్ట మీది ప్యాకెట్ వైపు చూస్తూ మెల్లగా ఊపిరి వదిలాను. గుమ్మంలోంచి మా ఆవిడ, "జర ఆ పప్పు జల్ది ఇయ్యుండ్రి, ఎసరు మసులుతున్నది" అంది.

ఆమె దగ్గర తొందర ఉండేది కాదు. ముందు కాలివేళ్ల నుంచి నుదుటి దాకా మనసు పెట్టి చూసుకోవాలి, ఎక్కడ బిగుసుకుందో. అక్కడ వదిలేయాలి. ఆ తర్వాతే కింది కండరం. ఐదు లెక్కపెట్టేంత సేపు మెల్లగా పైకి లాగాలి, అంతకు రెట్టింపు సేపు పూర్తిగా వదలాలి. వచ్చీ రాగానే నా ముఖం చూసేది. "దవడ బిగిసిందంటే కింద కూడా బిగిసినట్టే" అనేది. తడిసిందని చెప్పిన రోజు, "తడిసింది, సరే. తెలిసింది కదా. మళ్లీ ఊపిరి తీసుకోండి" అనేది. నన్ను నేను తిట్టుకోవడం ఆ మాటతోనే తగ్గింది.

మూడో నెలలో ఉప్పల్ బస్సులో ఉన్నట్టుండి ఉచ్చ ఒత్తిడి వచ్చింది. వెనకటి నేనైతే అందరినీ తోసుకుని దిగి పరిగెత్తేవాణ్ని. కడ్డీ పట్టుకుని నిలబడి దవడ వదిలాను. ఊపిరి లోపలికి, బయటికి. పాల పొంగులా వచ్చి దిగిపోయింది. ఇంటికొచ్చి మెట్ల మీది నుంచే అరిచాను.

"బిడ్డా, పొడిగ వచ్చిన!"

"మెల్లగా బాబాయ్ గారూ, బిల్డింగంతా వింటోంది."

"ఇననీ!"

హాలు ఇవ్వకపోయినా ఆమె ఆగలేదు. ఆదివారం ఆదివారం టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు నీడలో నలుగురం చాపలేసుకుని వ్యాయామం చేసేవాళ్లం. వాన పడితే ఎవరిళ్లకు వాళ్లం. పక్క బ్లాకు రిటైర్డు మాస్టారు మాత్రం అన్ని మెట్లు ఎక్కలేక రాలేకపోయాడు. ఆయనదీ నా బాధే. మల్కాజిగిరిలో కూతురి ఇంటికి కూడా పోలేక ఏడాదైంది. ఇంట్లో కోడలి ముందు సిగ్గని డాక్టరమ్మను ఇంటికి రావద్దన్నాడు. ఆయనకు ఎలా నేర్పాలా అని చివరి దాకా ఆమెకు అదే ఫికర్.

నేను ఎవరికీ దండం పెట్టే మనిషిని కాను. సభలో ఆమె ఫోటోకు పెట్టాను. తడవకుండా బయటికి పోయే బతుకు నాకు తిరిగి ఇచ్చింది ఆమె. ఇక మాస్టారికి నేను నేర్పుతాను. కావాల్సిందల్లా మెట్లు లేని చోటు, వారానికి గంట.

సెక్రటరీ గారూ, వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి చాపలు చంకలో పెట్టుకుని నలుగురం హాలు ముందుంటాం. మాస్టారు కర్ర పట్టుకుని వస్తాడు. తాళం తీస్తారా, లేదా? శనివారం సాయంత్రంలోగా నా ముఖం చూసి చెప్పండి.