బుద్రక్క అడిగిన ఒక్క రోజు

ఇంట్లో రోగులను జీతం లేకుండా చూసుకునేవాళ్ల కోసం ప్రభుత్వం ఒక విధానం తెస్తుందట. ఈ రోజు మండల ఆఫీసులో అభిప్రాయ సేకరణ జరిగింది. పక్కింటి బుద్రక్కను నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. ఆమె భర్త మిరియాలు కోస్తూ, ఆ తీగ పాకించిన సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడ్డాడు, ఇక మంచం దిగలేదు. శ్రమకు గుర్తింపు కావాలని అడగమని దారంతా నేర్పాను.

ఆమె అది అడగలేదు. "మాయమ్మ జబ్బుపడి నన్నే పిలత్తందట బాబూ. ఒక్క రోజెల్లి సూసొత్తాను. ఈయన కాడ ఎవులైనా కూకోవాల" అంది.

"మీ ఊళ్లో బదులు పనికి వస్తారు కదమ్మా" అన్నాడు అధికారి.

"కలుపుకైతే వత్తారు. ఇయాల నా సేను, రేపు ఆల సేను. దీనికి నానెలా బదులు తీర్సాల? ఆలింట్లోనూ ఒకలు మంచాన పడాలని కోరుకోనా?"

రాసుకున్నామని, విధానం వచ్చేదాకా ఓపిక పట్టమని అన్నాడు అధికారి. నేను అరిచాను. "ఊరుకోరా గుంటడా, బేగి పోదాం. ఆయనొక్కడే ఉన్నాడు" అని బుద్రక్క నన్ను బయటికి లాగింది.

రేపు ఆయన దగ్గర నేనే కూర్చుంటున్నాను. నడుము కదలని మనిషిని నొప్పి పెట్టకుండా పక్కకు ఎలా తిప్పాలో నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. తెలిసినవాళ్లు ఈ రాత్రే చెప్పండి.