నేను అసలుదన్న బ్యాగు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. రూమ్‌లో పక్క మంచం అతనికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

ఒమాన్‌లో, ఇబ్రిలో, బ్యాగులూ బూట్లూ బాగుచేసే దుకాణం నాది. నాది అంటే నేను పనిచేసేది. ఖరీదైన హ్యాండ్‌బ్యాగుల్లో అసలుదేదో నకిలీదేదో ఇట్టే చెబుతానని నాకు ఇక్కడ పేరు. ఆన్‌లైన్‌లో కొనేముందు జనం ఫోన్ తెచ్చి చూపించేవారు. అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. అమ్మేవాడు పెట్టిన అందమైన ఫొటోలు నమ్మకండి, అవి కంపెనీ ఫొటోలే ఎత్తి పెడతారు. లోపలి మూల కుట్టు, జిప్పు వెనకవైపు దగ్గరగా తీసి పంపమనండి. సాకులు చెబితే వదిలేయండి.

ఆ మాట నేనే పాటించలేదు. నా వీసా మా అర్బాబ్ పేరు మీద ఉంది, ఇక్కడ యజమానిని అలాగే అంటారు. దుకాణం ఆయనదే. ఆయన చెల్లెలు ఒక మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని వచ్చింది. షట్టర్ దించే వేళ, ఆకలి మీద ఉన్నాను. రెండు ఫొటోలు చూసి అసలుదే అనేశాను. చూడగానే చెప్పేస్తానన్న గొప్ప కూడా ఉంది, అది దాచను.

బ్యాగు వచ్చాక ఆమె తానే తెచ్చి చూపించింది. చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసిపోయింది. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. లోపల జిగురు వాసన. ఆమె మురిపెంగా నా మొహంలోకి చూస్తోంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? తిప్పి పంపడానికి ఇంకా గడువుంది కదా? అసలుదే అన్నాను. నా మాట పోతుందని భయం. ఇక ఈ సంగతి ఇంతటితో పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. కొన్ని నెలలకు మస్కట్‌లో ఉండగా పిడి ఊడితే ఆమె దాన్ని అక్కడే ఎక్కడో చూపించింది. నకిలీదన్నారు. మాస్టర్ అని పిలిచే నన్ను ఆమె అనుమానించలేదు. మాస్టర్ చేత్తో పట్టుకుని చూసి అసలుదన్నాడు కాబట్టి, ఆ తర్వాత ఇంట్లోనే ఎవరో మార్చేశారని తేల్చుకుంది. ఆ ఇంట్లో బ్యాగులు తుడిచి బీరువాలో సర్దేది ఒక్క మనిషే. కడప నుంచి వచ్చిన పనిమనిషి, మహబూబీ. జిప్పులు వేయించడానికి వచ్చినప్పుడల్లా నాతో తెలుగు మాట్లాడొచ్చని సంబరపడి కాసేపు ఎక్కువే నిలబడేది.

ఒక రోజు మేడమ్, అర్బాబ్ చెల్లెలే, ఆమెను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది.

"మాస్టర్, సచ్ బోలో. ఆ రోజు నువ్వు చూసింది అస్లీదేనా?"

మహబూబీ కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి తెలుగులో అంది: "అన్నా, నేను యాడ మారుస్తాను? దాని పేరు గూడా నాకు పలకను రాదు. నువ్వు చూసినావు గదా, చెప్పన్నా."

నిజం నాలుక చివర దాకా వచ్చింది. అర్బాబ్ గుర్తొచ్చాడు. నిజం చెబితే వీసా తీసేసేవాడా? బహుశా తిట్టి ఊరుకునేవాడు. అలా అని నాకు అప్పుడే తెలిసి కూడా వీసాను అడ్డం పెట్టుకున్నానా అని ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు తరచి చూసుకున్నానో, ఒక్కసారీ తేలలేదు.

"నేను చూసింది అస్లీదే మేడమ్," అన్నాను.

మహబూబీ నన్ను తిట్టలేదు. నా మాట నమ్మింది. నన్నే అడిగింది: "అయితే ఎవురు మార్చినారన్నా?"

నేను సూది వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను. వారం లోపలే ఆమెను దొంగ అని ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఏ ఏజెంటూ ఆమెకు వీసా ఇప్పించలేదని విన్నాను. ఆమె నంబర్ నా దగ్గరుంది. ఇండియా నంబర్ ఏది మోగినా ఆమే చేసిందేమోనని భయం. చేస్తే ఏం చెప్పాలి? నేనే ఎందుకు చేయను? ఇప్పటికీ జనం ఫోన్లు తెచ్చి చూపిస్తారు. ఫొటోలు చూసి చెప్పలేనంటాను. నాకు గర్వం తగ్గిందని మెచ్చుకుంటారు.

క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం లేదు. ఆమె అడిగిన దానికి జవాబు మాత్రం ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

ఎవరూ మార్చలేదు మహబూబీ. అది వచ్చిన రోజే నకిలీది. నాకు ఆ రోజే తెలుసు.