నా ప్రశ్న ఇంకా రానేదు సార్

ప్రశ్న అడగకముందే జవాబు చెప్పే పిల్లల్ని తయారుచేసిన ఇంగ్లీషు మాస్టారు భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడని మా తోటి టీచర్లలో ఒక నమ్మకం. ఆ ఒక్కడూ నేనే. ధ్రువపు ఎలుగుబంటే భూమిని వేడెక్కించిందని నిండు సభలో నా శిష్యుడి చేత చెప్పించిన ఘనత కూడా నాదే. తెలివితక్కువ పనుల్లో నాకు అనుభవం తక్కువేమీ కాదు. కానీ ముందుగా రిహార్సల్ వేసుకుని మరీ తెలివితక్కువ పని చెయ్యడం మాత్రం అదే మొదలు.

కరోనా సెలవుల తర్వాత బడులు మళ్ళీ గాడిన పడుతున్న ఏడాది అది. విశాఖపట్నం పాతనగరంలో, మేడ మీదినుంచి హార్బరు క్రేన్లు కనిపించే ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పిల్లల్లో చాలామంది చేపల వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళు, మిగతావాళ్ళు చిన్న చిన్న దుకాణాలవాళ్ళ పిల్లలు. నేను రోజూ ఎలమంచిలి నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేవాణ్ణి. దువ్వాడలో ఉద్యోగులు దిగిపోతూ, చదవడం అయిపోయిన ఇంగ్లీషు పేపర్లు సీట్ల మీద వదిలేసేవారు. వాటిని పోగుచేసి బడికి పట్టుకెళ్ళేవాణ్ణి. ఆ రకంగా మా పిల్లల ప్యాసేజీ ప్యాసింజర్లోనే దొరికేది.

ప్యాసేజీ అంటే ఏమిటో చెప్పాలి. అన్‌సీన్ ప్యాసేజ్ అని పరీక్షలో ఇస్తారు. పాఠ్యపుస్తకంలో లేనిది, పిల్లలు అంతకుముందు చూడనిది. అది చదివి కింద ఉన్న ప్రశ్నలకి జవాబు రాయాలి. ఇప్పటి సమస్యల మీద వార్తలు చదివిస్తే ఆ పనీ అవుతుంది, ఇంగ్లీషూ వస్తుంది అని హెడ్మాస్టరమ్మకి నచ్చజెప్పి, వారానికి రెండు పీరియడ్లు అడిగి పుచ్చుకున్నాను. పిల్లలు దానికి పేపర్ పీరియడ్ అని పేరు పెట్టారు. సమస్యల్ని మాత్రం నేనే ఏరేవాణ్ణి. కరిగే మంచు, పెరిగే ఎడారి, తరిగే పులి. మా బడికి ఎంత దూరంగా ఉంటే అంత గొప్ప సమస్య అని నా లెక్క. నేను ఉత్తర ధ్రువం గురించి గొంతు చించుకుంటుంటే వాళ్ళు దక్షిణం కిటికీలోంచి హార్బరు కేసి చూస్తూ కూర్చునేవారు.

చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా అప్పుడప్పుడు ఒకచోట చేరే ఏర్పాటుని స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ అంటాం. మా కాంప్లెక్సుకి మా బడే కేంద్రం. ఎవరో ఒక టీచరు మిగతావాళ్ళ ముందు, నిజం పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పి చూపించాలి. దాని పేరు డెమో లెసన్. మంచిచెడ్డలు చెప్పడానికి ఒక సీనియర్ మాస్టారు వస్తారు, ఆయన రిసోర్స్ పర్సన్. మా రిసోర్స్ పర్సన్ ప్రభాకరం గారు. వేరే హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, నాకంటే వయసులో కొంచెం పెద్ద, గొంతులో చాలా పెద్ద.

ఆ శీతాకాలం డెమో వంతు నాకు వచ్చింది. మంచు కరగడం మీద ప్యాసేజ్ తీసుకున్నాను. ప్రశ్నలు నేనే రాశాను, జవాబులూ నేనే రాసి బెంచీల వరుసలో తలా ఒకటి పంచాను. నేను వరుసగా అడగాలి, వాళ్ళు వరుసగా లేచి అప్పజెప్పాలి. అలా ఆ అన్‌సీన్ ప్యాసేజ్‌ని వారం రోజుల పాటు అందరం చూశాం.

తీరా ఆ రోజు ఇమ్రాన్‌కి జ్వరం వచ్చి రాలేదు. పాతనగరంలో గడియారాలు బాగుచేసే ఆయన కొడుకు, మొదటి బెంచీలో మొదటివాడు, మొదటి జవాబు వాడిది. బెంచీ మీద ఖాళీ కనబడితే పిల్లలు ఊరుకుంటారా, అందరూ ఒక్కో చోటు ముందుకి జరిగి కూర్చున్నారు, వాళ్ళతోపాటే జవాబులూ జరిగాయి. కంగారులో నేను చూసుకోలేదు.

"వాట్ ఈజ్ మెల్టింగ్?" అంటూ మొదటి చోటు వైపు చెయ్యి చూపించాను.

అక్కడున్నవాడు ఠక్కున లేచి, "హ్యూమన్ బీయింగ్స్, సర్!" అన్నాడు. మా ఊరి ఉక్కపోతలో అది కొంత నిజమే అనుకోండి.

"హూ ఈజ్ రెస్పాన్సిబుల్ ఫర్ ఇట్?"

"పోలార్ బేర్, సర్!"

వెనక బెంచీల్లో టీచర్ల దగ్గులు మొదలయ్యాయి. చెమట తుడుచుకుంటూ మూడో ప్రశ్న వేశాను. ఇల్లు పోగొట్టుకున్నది ఎవరు అని. ఆ చోట్లో నూకరత్నం ఉంది. వాళ్ళ నాన్నకి మరబోటులో వాటా ఉంది, అమ్మ చేపలు అమ్ముతుంది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పే పిల్ల కాదు. లేచి నిలబడింది. నా మొహం చూసింది, పక్కవాళ్ళ మొహాలు చూసింది. నేను కనుబొమలతో ప్రాధేయపడ్డాను.

"నా ప్రశ్న ఇంకా రానేదు సార్," అంది, అచ్చ తెలుగులో, ఆఖరి బెంచీదాకా వినిపించేలా.

ఆ తర్వాత నవ్వులు ఆగడానికి టీలు రావలసి వచ్చింది. సమోసాలు పంచుతుంటే ప్రభాకరం గారు గొంతెత్తి, "ఒరే బాబూ, మాస్టారికి రెండేయ్! కథ, మాటలు, దర్శకత్వం అన్నీ ఒక్కడే సేసుకుని అలిసిపోనారు!" అన్నారు. మళ్ళీ నవ్వులు. రెండూ తిన్నాను. ఆకలికి ఒకటి, అవమానానికి ఒకటి.

మా హెడ్మాస్టరమ్మ లెక్కల మనిషి. సాయంత్రం పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పింది. "మాస్టారూ, వేసవి సెలవుల ముందు మళ్ళీ మీటింగుంది. ఆ వేళ పిల్లలు సొంతంగా చదివి, సొంతంగా మాట్లాడితే సరే. లేదంటే ఈ రెండు పీరియడ్లూ లెక్కలకి తీసేసుకుంటాను. వచ్చే ఏడు వీళ్ళకి పదో తరగతి, నాకూ భయముంటుంది కదా."

మర్నాడు ఇమ్రాన్ జ్వరం తగ్గి వచ్చాడు. వస్తూనే, "నానొక్కణ్ణి రాకపోతే భూమంతా ఏడెక్కిపోయిందంట కదా సార్!" అన్నాడు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు. పేపర్ల కట్ట బల్ల మీద పడేసి, "ఏది కావాలో మీరే తీసుకుని చదువుకోండి, నన్ను మాత్రం వదిలెయ్యండి," అని కుర్చీలో కూలబడ్డాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి గొప్ప బోధన అదేనని అప్పుడు తెలియదు.

పిల్లలు మంచుని ముట్టుకోలేదు, పులి జోలికి పోలేదు. కరెంటు ఆటోలు, ఫోన్లో అప్పులిచ్చే యాప్‌లు, ఎండలకి బడివేళలు మార్చడం, ఇలాంటివి ఏరుకున్నారు. నూకరత్నం గుంపు వేట నిషేధం వార్త పట్టుకుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఏటా కొన్నాళ్ళు మరబోట్లని సముద్రంలోకి వెళ్ళనివ్వరు, అదీ సంగతి. ఒక్కో మాటకి అర్థం అడుగుతూ, పోట్లాడుకుంటూ చివరిదాకా చదివారు. అప్పుడు నూకరత్నం నా దగ్గరికొచ్చింది.

"సార్, ఇందుల ఎవులెవులు మాటాడినారు?"

"ఒక ఆఫీసరు, ఒక ప్రొఫెసరు, రొయ్యలు ఎగుమతి చేసే ఒకాయన."

"పడవున్నోలు?"

వెతికాను. "లేరమ్మా."

"అడగనేదా సార్, అడిగితే ఆల్లు సెప్పనేదా?"

ఆ ప్రశ్నకి నాకు జవాబు రాసిచ్చినవాళ్ళెవరూ లేరు. తప్పించుకోవడానికి, "ఇంటికెళ్ళి మీ నాన్నని అడిగి, ఆయనేమంటాడో ఇంగ్లీషులో రాసుకురా," అన్నాను.

రాసుకొచ్చింది. 'మై ఫాదర్ సే, ఫిష్ నీడ్ హాలిడే, ఓకే. బట్ అవర్ స్టమక్ నో హాలిడే.'

ఎర్ర పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను. ఆ వాక్యాల్లో తప్పులు దిద్దడం తర్వాత ఇద్దరం కూర్చుని చేసుకున్నాం కానీ, ముందు క్లాసంతటికీ గట్టిగా చదివి వినిపించాను. ఆ రోజు నుంచి మా పద్ధతి మారిపోయింది. ఏ వార్త చదివినా రెండే ప్రశ్నలు. ఇందులో ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరు మాట్లాడటం లేదు? మాట్లాడని మనిషి తెలిసినవాడైతే వెళ్ళి అడిగి, ఆ లోటు పేరా మనమే రాయాలి. మేం దానికి మిస్సింగ్ పేరా అని పేరు పెట్టుకున్నాం. ఇమ్రాన్ తన తండ్రి దుకాణం గురించి రాశాడు. 'నౌ పీపుల్ సీ టైమ్ ఇన్ ఫోన్. మై ఫాదర్ సీ పీపుల్.' కిటికీ వైపు చూసేవాళ్ళు తగ్గిపోయారు. చూసినా, అక్కడ ఎవర్ని అడగాలా అని చూసేవారు.

పీరియడ్లు పోతాయన్న సంగతి నేను పిల్లలకి చెప్పలేదు. ఎలా తెలిసిందో, ఒకరోజు ఇంటర్వెల్లో నూకరత్నం వచ్చి స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడింది.

"పేపర్ పీరియడ్డు తీసేత్తారంట. నిజమేటి సార్?"

"మీటింగులో మీరంతా మాట్లాడితే తియ్యరు."

ఆ పిల్ల గోటితో గుమ్మం గీకుతూ అంది. "మా నాన్న రోజూ అడుగుతన్నాడు సార్, ఇయాల పేపర్లో ఏటుందే అని. నాను సదివింది సెప్తంటే అన్నం తినడం ఆపేసి మరీ ఇంటన్నాడు. ఇంతకుముందు నా సదువు సంగతి ఒక్కపాలీ అడగనేదు." తర్వాత నా మీద జాలిపడింది. "పోనీ రిహార్సలు ఏసేద్దామా సార్?"

"వద్దు తల్లీ," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆ పిల్లకి తెలియదు.

వేసవి మీటింగు రోజు వచ్చింది. ప్రభాకరం గారు చేతిలో కాగితాల కట్టతో దిగారు. "ఈపాలి ప్యాసేజీ నాది, ప్రశ్నలూ నావే. మీరు ఎనకబెంచీలో కూకోండి మాస్టారూ, కనుబొమలు కూడా ఆడించకండి," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

వేరే రాష్ట్రంలో ఏదో సముద్రతీరాన్ని అందంగా తీర్చిదిద్దిన వార్త అది. నడిచే దారి, దీపాలు, బల్లలు వేశారు. అంతకుముందు అక్కడ చేపలమ్మే ఆడవాళ్ళని కొత్త మార్కెట్టుకి తరలించారు. పిల్లలు చదివారు. ప్రభాకరం గారు మొదటి ప్రశ్న వేశారు, తీరం ఇప్పుడు ఎందుకు అందంగా ఉంది అని. మళ్ళీ అడిగారు. ఎవరూ లేవలేదు. హెడ్మాస్టరమ్మ నా వైపు చూసింది. వచ్చే ఏడు టైంటేబిల్లో రెండు గళ్ళు లెక్కలుగా మారిపోవడం నాకు కళ్ళకి కట్టింది.

అప్పుడు నూకరత్నం లేచింది.

"సర్, మే ఐ ఆస్క్?"

"ఆన్సర్ ఫస్ట్," అన్నారాయన.

"లైట్స్, రోడ్, బెంచ్, సర్. సో బ్యూటిఫుల్. దట్ ఈజ్ ఆన్సర్." ఊపిరి తీసుకుంది. "సర్, ఇన్ దిస్ న్యూస్ ఫోర్ పీపుల్ స్పీకింగ్. ఆఫీసర్, ఇంజనీర్, హోటల్ ఓనర్, టూరిస్ట్. ఫిష్ సెల్లింగ్ ఉమెన్ నో స్పీకింగ్. వై, సర్?"

"ఆర్ నాట్ స్పీకింగ్," అని దిద్దారు ప్రభాకరం గారు, అలవాటు కొద్దీ.

"యెస్ సర్. ఆర్ నాట్ స్పీకింగ్. దట్ ఈజ్ మై క్వశ్చన్."

వెనక బెంచీల్లో ఒక్క దగ్గు లేదు. శీతాకాలం నుంచి దారిలో ఉన్న ఆ పిల్ల ప్రశ్న వచ్చేసింది.

ప్రభాకరం గారు కాగితాలు తిరగేశారు. ఆ ప్రశ్న ఆయన కట్టలో లేదు. "దట్ ఈజ్ ఔట్ ఆఫ్ ద ప్యాసేజ్," అన్నారు.

ఇమ్రాన్ చెయ్యెత్తడం కూడా మరిచిపోయి లేచాడు. "దోజ్ ఉమెన్ ఆల్సో ఔట్ ఆఫ్ ద ప్యాసేజ్, సర్. దట్ ఈజ్ ద ప్రాబ్లమ్!"

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. కొత్త మార్కెట్టు ఎంత దూరం, బస్సుంటుందా అని ఒకడు. అక్కడ కొనేవాళ్ళు వస్తారా అని ఒక పిల్ల. తీరం శుభ్రంగా ఉండడం కూడా కావాలి కదా, మా తాత రోజూ నడుస్తాడు అని ఇంకొకడు వాదన. అంతా ఇంగ్లీషులోనే. క్రియలు విరిగినా ఎవరూ విరమించలేదు. వెనక కూర్చున్న టీచర్లు కూడా డెమో అన్న సంగతి మరిచిపోయి చేతులెత్తారు. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. చివరికి నూకరత్నమే ముగించింది. "మై మదర్ సెల్స్ ఫిష్, సర్. ఐ విల్ ఆస్క్ హర్ అండ్ రైట్ దట్ పేరా." ఆ 'సెల్స్'లో 'ఎస్' ఎంత స్పష్టంగా పలికిందంటే, ఎలమంచిలిలో మా ఇంటికి కూడా వినిపించి ఉంటుంది.

హెడ్మాస్టరమ్మ బయటికి వస్తూ, "నా లెక్క తప్పింది మాస్టారూ. ఆ పీరియడ్లు మీరే ఉంచుకోండి," అంది. లెక్కల మనిషి నోట ఆ మాట వినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది!

ఆ సంగతి నూకరత్నానికి నేనే చెప్పాను. "మరైతే ఇయాల మా నాన్నకి పేపర్లోది కాదు, మన సంగతే సెప్తాను సార్," అని పరిగెత్తింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఈ ఒక్క క్లాసు నేర్పినది చెప్పమంటే, ఇదీ సంగతి. ప్రశ్నల్ని నా జేబులో పెట్టుకుని, జవాబుల్ని వాళ్ళ నోట్లో పెట్టడమే బోధన అనుకునేవాణ్ణి. పిల్లలకి ఇంగ్లీషు రాదని బెంగపడ్డాను. అడగవలసింది దొరికాక, వాళ్ళు వచ్చిన నాలుగు ముక్కలతోనే అడిగేశారు. మిగతా ముక్కలు ఆ ప్రశ్న వెనకే నడుచుకుంటూ వచ్చాయి. ఇప్పటికీ కొత్త క్లాసులోకి వెళ్ళగానే ఎవరి ప్రశ్న ఇంకా రాలేదో అని చూస్తాను.

ఇక మిగిలింది సమోసాల సంగతి.

ఆ రోజు పళ్ళెం పంచే పని నేనే అడిగి తీసుకున్నాను. అందరికీ ఒక్కొక్కటి పెట్టుకుంటూ ప్రభాకరం గారి దగ్గరికి వచ్చాను. ఆయన అడగని ప్రశ్నల కట్ట ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది.

"మీకు రెండు మాస్టారూ," అన్నాను, గది అంతా వినేలా. "ప్రశ్నలన్నీ అలాగే మిగిలిపోయాయి. ఇంటిదాకా మొయ్యాలి, బలం కావాలి కదా!"

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, అందరికంటే పెద్దగా నవ్వి, రెండూ తిన్నారు. పక్కన పెట్టిన వేయించిన పచ్చిమిరపకాయ మాత్రం పాత బాకీలో లేదు. అది నేను వడ్డీ కింద వేసింది.