మా బావ చూసిన పెట్టె

మా బావ చనిపోయిన కబురు నాకు బస్సులో తెలిసింది. తిరుపతి నుంచి పుత్తూరు పోతున్నాను, వేరే పని మీద. కండక్టరు మా చెల్లెలి ఊరివాడే. టిక్కెట్టు చేతిలో పెట్టి, "వడమాలపేట కాడ దిగేయ్ సామీ. మీ బావ తెల్లారుజామున కన్ను మూసినాడంట. జ్వరమంట" అన్నాడు. పుత్తూరు టిక్కెట్టు పట్టుకుని వడమాలపేటలో దిగాను. పుత్తూరులో నాకున్న పని ఏమిటో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. వయసులో నాకంటే చాలా చిన్న. అయినా వరస వరసే కాబట్టి ఆయన నన్ను బావా అంటే, నేనూ ఆయన్ను బావా అనేవాణ్ణి. పటాలంలో వంటమనిషి. వంటవాళ్ళలో తమ చెయ్యి చూసుకునేవాళ్ళు కొందరు, ఎదుటివాడి ఆకు చూసేవాళ్ళు కొందరు. బావది రెండో జాతి. ఇంటికి ఎవరు వచ్చినా మొదటి మాట "తిన్నావా?" అనే. పెళ్ళి కబురు తెచ్చినవాణ్ణీ అదే అడిగేవాడు, శిస్తుకు వచ్చిన కరణాన్నీ అదే అడిగేవాడు. ఒకసారి పెరట్లో దూరిన దొంగనూ అడిగాడని మా చెల్లెలు అంటుంది. దొంగ తిన్నాడా లేదా అన్నది మాత్రం చెప్పదు. సరే, ఆ కథ ఇక్కడ వద్దు.

యుద్ధం ముగిశాక లండనులో గెలుపు కవాతు జరిగింది కదా, దానికి పోయిన మన సిపాయిలకు వండిపెట్టడానికి బావ కూడా ఓడ ఎక్కాడు. అక్కడ ఒక పార్కులో గుడారాలు వేసుకుని ఉన్నారట. సెలవు దొరికిన ఒక రోజు, దగ్గర్లో ఉన్న ముసలి దొర, దొరసాని ఆయన్ను ఇంటికి పిలిచి ఒక పెట్టె ముందు కూర్చోబెట్టారు. దాని పేరు టెలివిజన్. మన మద్రాసు రేడియోలో మాట వస్తుంది, అందులో మనిషే కనిపిస్తాడట. ఇంతవరకు నేను చెప్పగలను. ఇక్కడినుంచి నాకూ తికమకే, మీరే ఓర్చుకోవాలి.

మొదట ఒకామె పెళ్ళికి పోతున్నట్టు తయారై వచ్చి, ఇప్పుడు మీకు ఇది చూపిస్తాం అని చెప్పి నవ్విందట. బావ లేచి దణ్ణం పెట్టాడు. తర్వాత మునివేళ్ళ మీద గిరగిర తిరిగే ఆడపిల్లలు. వాళ్ళు పోగానే ఉర్లగడ్డ మొక్కలకు, అదే బంగాళాదుంపకు, మట్టి ఎగదోయడం నేర్పే తోటమాలి. మళ్ళీ ఆమె, మళ్ళీ దణ్ణం. ఆ పైన గుర్రాల పందెం. కాసేపు పెట్టె చీకటైపోయింది. రాత్రికి వస్తానని ఆమె చెప్పిపోయింది గనుక బావ అక్కడినుంచి కదలలేదు. రాత్రి ఆమె గౌను మార్చుకుని వచ్చి నాటకం వేయించింది. అందులో ఎవణ్ణో తుపాకీతో కాల్చేశారు. వాడి కోసం ఎవరూ ఏడవకముందే ఒకాయన పియానో వాయించాడు.

ఇదంతా ఒకే రోజు, ఒకే పెట్టెలో. బావ చెప్పిన ప్రతిసారీ వరస మారేది. ఒకసారి తోటమాలి గుర్రాలకు ముందు, ఒకసారి వెనక.

"తెర వెనక ఎవడుండాడు మామా?" అనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు, తోలుబొమ్మలాట చూసినవాళ్ళు కదా.

"లేచి పోయి చూసినా. గోడ ఉండాది."

అన్నిటికంటే ఎక్కువగా ఊరు నవ్వింది మాత్రం ఇంకో మాటకు. రాత్రి పెట్టె ఆర్పేటప్పుడు బావ తనకు వచ్చిన పటాలం ఇంగ్లీషులో దొరసానిని అడిగాడట: "మధ్యాన్నం నుంచి పెట్టెలో ఆమె ఈ పనిమీదే ఉండాదే, అన్నం తినిందా?" దొరసాని ఏమి అర్థం చేసుకుందో, బావకే ఇంకో రొట్టె తెచ్చిపెట్టింది.

నవ్వు ఊరికే వచ్చినంతకాలం ఎవరికీ నష్టం లేదు. తర్వాత బావి తగాదా వచ్చింది.

బావ చేను పక్కనే ఒకామె చేను. ఆమె మొగుడూ, అతని దాయాదీ కలిసి బావి తవ్వుకున్నారు. సగం నీళ్ళు నీవి అని దాయాది ఆమె మొగుడితో అన్న మాట నిజం. ఆ మాట విన్నవాడు మా బావ ఒక్కడే. మొగుడు పోగానే దాయాది ఆమె కపిల ఆపించాడు. ఎద్దులు కట్టి తోలుతిత్తితో నీళ్ళు తోడేదాన్ని మాకు కపిల అంటారు. అది ఆగితే ఆమె చెరుకు ఎండిపోవడం ఖాయం. సత్రం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. చెల్లెల్ని చూడ్డానికి వచ్చిన నేనూ ఒక మూల కూర్చున్నాను.

"సాక్షి ఎవరు? ఈయనా?" అన్నాడు దాయాది. "పెట్టెలో ఆడామెకి దణ్ణం పెట్టినోడు! రేపు బావిలో దొరసానిని చూసినా అంటాడు, ఆమెకీ సగం నీళ్ళు ఇయ్యమంటారా?"

అరుగంతా నవ్వింది. ఊరిపెద్ద మాత్రం బావను దగ్గరికి పిలిచాడు. "సూడప్పా, ఆ పెట్టె మాట ఉత్తదని ఒక్క మాట చెప్పేయ్. తప్పు ఒప్పుకున్నోడి మాటకి విలువ ఉంటాది, బావి మాట నమ్ముతాము. లేదంటావా, రెండూ ఒకే మూట కట్టి పారేస్తాము."

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దూరంగా నిలబడి ఉన్న ఆమె వైపు ఒకసారి చూశాడు.

"ఉత్తదే అబ్బా. నేను యాడా చూడలేదు. కల్పించినా."

ఆ సాయంత్రమే ఆమె చెరుకుకు నీళ్ళు పారాయి. అప్పటినుంచి చుట్టుపక్కల గట్టు తగాదా వచ్చినా, పాలు పంచుకునే తగాదా వచ్చినా మా బావనే పిలిచేవాళ్ళు. అబద్ధాలకోరునని ఒప్పుకున్న మనిషి మాటకు అంత విలువ ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. నేను బడికి పోనివాణ్ణి, దొరికినదల్లా చదివినవాణ్ణి. సత్యం కోసం రాజ్యాలు వదిలినవాళ్ళు పుస్తకాల్లో చాలామంది కనిపించారు. చెరుకుతోట కోసం సత్యాన్ని వదిలినవాణ్ణి ఏ వరసలో కూర్చోబెట్టాలి?

"నాకైనా చెప్పు బావా, చూసినావా లేదా?" అని అడిగాను.

"ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోసి సర్దుతాము బావా. నిజం ఎక్కువైతే ఏం పోస్తాము?" అన్నాడు. వెంటనే, "తిన్నావా?"

మళ్ళీ ఆ పెట్టె ఊసు ఎత్తలేదు. ఒకసారి తిరుపతిలో కాఫీ తాగుతుంటే హోటలు రేడియోలో ఒకామె, ఇప్పుడు పాటలు వింటారు అంది. బావ చేతులు రెండూ గుండెదాకా లేచాయి. అక్కడ ఆగి, భుజం మీద తువ్వాలు సర్దుకున్నాయి.

బావ కర్మల దినం నాడు ఆ చెరుకుతోట ఆమె తన బావి నీళ్ళు మోసుకొచ్చి వంటకు పోసింది. తనే ఆకులు వేసింది. అందరూ కూర్చున్నాక వరస చివర ఇంకో ఆకు వేసి అన్నం వడ్డించింది.

"అది ఎవరికి వదినా?" అంది మా చెల్లెలు.

"పెట్టెలో ఆమెకి. ఆమె తినిందా లేదా అని తెలుసుకోకుండానే అన్న పోయినాడు కదా."

వరసలో దాయాది కూడా ఉన్నాడు. "ఆ పెట్టె ఉత్తదని ఆయనే చెప్పినాడే!" అన్నాడు.

"నా కోసరం చెప్పినాడు. అబద్ధం అల్లేవాడు ఆమెకి నగలు అల్లుతాడు, కిరీటం అల్లుతాడు. ఆమె అన్నం తినిందా అని అల్లుతాడా?"

దాయాది తల వంచుకుని సాంబారు కలుపుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. భోజనాలయ్యాయి, వరస లేచింది, ఎంగిలాకులు తీశారు. ఆ చివరి ఆకును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని ముందు పీట ఖాళీగా ఉంది, పక్కన చెంబునిండా నీళ్ళు. అన్నం మీద ఇంకా కాస్త ఆవిరి లేస్తోంది.