మా మేనమామ, గ్రీకుల తురన్నోస్

మొన్న టీవీలో ఎవరో ఒక నాయకుణ్ని టైరెంట్ అని తిట్టిపోస్తుంటే, ఎనభైల్లో షోలాపూర్ భవాని పేట్‌లోని మా తెలుగు బడిలో చరిత్ర చెప్పిన పంతులమ్మను కదా, నోరు ఊరుకోక, అది మొదట్లో తిట్టే కాదని ఇంట్లోవాళ్లకు చెప్పబోయాను. వినే ఓపిక ఎవరికుంది! నా ఈడువాళ్లు, మీరైనా వినండి.

టైరెంట్‌కు మూలం గ్రీకుల మాట తురన్నోస్. అదీ వాళ్ల సొంతం కాదని, బహుశా పొరుగునున్న లిడియా నుంచి వచ్చిందని పండితులంటారు. తండ్రి నుంచి వచ్చిన గద్దె కాకుండా, తానే అధికారం చేజిక్కించుకున్నవాడని అర్థం, అంతే. పెద్ద వంశాలతో విసిగిన జనం చాలాచోట్ల అలాంటివాణ్ని సంతోషంగానే నెత్తిన పెట్టుకున్నారు.

మా పేటలోనూ కులపెద్దరికం తండ్రి నుంచి కొడుక్కే వచ్చేది. పెళ్లిలో మొదటి తాంబూలం పెద్ద అందుకునేదాకా ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టేవారు కాదు. మరమగ్గాల సమ్మెలో పాత పెద్ద, మగ్గాల యజమానులైన షావుకార్ల పక్షం చేరితే, జనం ఆయన్ను దింపి, ధైర్యంగా ముందు నిలబడిన మా మేనమామను పెద్దను చేశారు. నేనూ మురిసిపోయాను. ఆయన అడిగింది ఒక్కటే, షావుకార్ల మనుషుల నుంచి కాపాడటానికి వెంట కొందరు లాఠీవాళ్లు. అందరూ సరేనన్నారు. ఏథెన్స్‌లో ఒకడు ఇలాగే దుడ్డుకర్రలవాళ్లను అడిగి పుచ్చుకుని, వాళ్లతోనే ఊరిని పట్టుకున్నాడని ఆ రోజుల్లోనే నేను బడిలో పాఠం చెబుతున్నాను.

సమ్మె ముగిసింది, లాఠీలు పోలేదు. పంచాయితీలో మా అక్క భర్త ఒక్కడే నోరు తెరిచాడు.

"సమ్మె అయిపాయె గద మామా, ఇంక ఈ లాఠీలోల్లు ఎందుకు?"

మేనమామ బావ వంక చూసి నవ్వాడు. ఆ నవ్వుకు నాకు భయమేసింది.

కొన్నాళ్లకు అక్క కూతురి పెళ్లి వచ్చింది. మేనమామ లాఠీవాళ్లతో వచ్చి కూర్చున్నాడు. బావ తాంబూలం అందిస్తే చెయ్యి చాచలేదు. ఆయన కాదంటే ఆ పెళ్లి కులంలో చెల్లదు, పిల్ల బతుకు బజారున పడుతుంది. వడ్డించిన అన్నం చల్లారిపోతుంటే, ఆయన్ను పెద్దను చేసిన పేటంతా తలలు వంచుకుని కూర్చుంది. లోపల అక్క ఏడుపు వినబడుతోంది. చివరికి బావ వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"తప్పైంది మామా, మాఫ్ చెయ్యి."

అప్పుడు తాంబూలం అందుకుని, "ఇగ కానియ్యుండ్రి" అన్నాడు. అందరం తిన్నాం.

మేనమామ పోయాడు, ఆ పెద్దరికాలూ పోయాయి. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ హాళ్లలోనే, ఎవరికి ఆకలైతే వాళ్లు తినేసి వెళ్తున్నారు. పేటంతా ఒక్క పంక్తిలో కూర్చునే ఆ కలివిడితనం మళ్లీ చూస్తానా అని బెంగగానే ఉంటుంది. అయినా ఏ పెళ్లికి వెళ్లినా, పక్కవాళ్లెవరో ఒకరు ముద్ద ఎత్తేదాకా నా చెయ్యి ముందుకు పోదు.