వీధిపోటు ఇల్లు

మా బ్రోకరుది పెద్ద గొంతు. ఆయన ఫోనులో మాట్లాడితే పక్క వాటావాళ్ళకి కూడా స్థలాల రేట్లు తెలిసిపోయేవి. అలాంటి మనిషి ఆ రోజు సందు మొదట్లో స్కూటర్ ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"మేడమ్, మీ బడ్జెట్‌లో ఈ పేటలో ఉన్నది ఈ ఒక్క ఇల్లేనండి. కానీ ముందే చెప్పేస్తున్నాను. వీధిపోటండి."

వీధి అడ్డంగా పోకుండా నేరుగా వచ్చి ఇంటి గుమ్మానికి గుచ్చుకున్నట్టు ఆగిపోతే దాన్ని వీధిపోటంటారు. అదే వీధి నాలుగడుగులు అటుగా, మంచి మూలకి తగిలితే వీధిచూపు. చూపైతే కలిసొస్తుంది, పోటైతే ఇంట్లోవాళ్ళ పని అయిపోయినట్టే. అందుకే ఆ పెంకుటిల్లు చాలాకాలంగా అమ్మకానికి ఉంది. వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి సందు వైపు ఒకసారి చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారట.

మేం రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో, ఆ పేటలోనే అద్దెకుండేవాళ్ళం. మేం చేరిన కొత్తలో అక్కడ పిండిమర, కట్టెల అడితి, వాన పడితే మోకాటి లోతు నీళ్ళు, అంతే. తర్వాత గట్టు మీద నడవడానికి బాట వేసి దీపాలు పెట్టారు. దాంతో పేట దశ తిరిగింది. అడితి పోయి జిమ్ వచ్చింది. పిండిమర కాఫీ షాపయింది. ఆ మర చక్రానికే రంగేసి గోడకి తగిలించి, దాన్ని చూస్తూ తాగుతున్నందుకు కాఫీకి మూడింతలు తీసుకుంటున్నారు. మా అడ్రసు చెబితే ఒకప్పుడు "అక్కడా" అని జాలిపడినవాళ్ళే, ఇప్పుడు "అక్కడా" అని అసూయపడుతున్నారు.

ఆ ఊపులో మా ఇంటి ఓనరు కూడా ఇల్లు బిల్డరుకిచ్చేసి, మమ్మల్ని వేసవి సెలవుల్లోగా ఖాళీ చెయ్యమన్నారు. మా వారు మందుల కంపెనీలో పనిచేస్తారు. ఊరూరూ తిరిగే ఉద్యోగం కాబట్టి ఎక్కడున్నా ఒకటే అంటారు. హైవే దాటాక పొలాల్లో వేసిన లేఔట్లకి నన్ను తీసుకెళ్ళి, ఆర్చీ గేటు చూపించి, "గాలీ వెలుతురూ బావుంది కదోయ్" అన్నారు. అక్కడ ఉన్నవి గాలీ వెలుతురే. కూరగాయల కొట్టు కావాలంటే బండేసుకుని రావాలి.

"నన్ను ఆ పేట నుంచి కదపాలంటే క్రేను తెప్పించుకోండి" అన్నాను.

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఇంటా వంటా అందరికీ తెలుసు. కానీ అది ఉత్త మొండితనం కాదు. పొద్దున్నే గట్టు మీదుగా కాలేజీకి నడుస్తూ ఆ రోజు చెప్పాల్సిన పాఠం మనసులో అనుకోవడం నాకు అలవాటు. దారిలో పూలమ్మే ఆవిడ నన్ను చూసి టైము చెప్పేస్తుంది. ఇంత పెద్ద ఊళ్ళో నాదనిపించే చోటు అదొక్కటే. అది బాగుపడిందని నన్ను పొమ్మంటే ఒళ్ళు మండదూ? అందుకే ఆ పెంకుటిల్లు చూసీ చూడగానే కొనెయ్యాలనిపించింది. రెండు గదులు, ముందు అరుగు, వెనక నుయ్యి, కరివేపాకు చెట్టు. బ్యాంకువాళ్ళకి పోటుతో పని లేదు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి, లోనిస్తామన్నారు.

అసలు చిక్కు మా నాన్నగారితో.

నాన్నగారు కోనసీమలో పురోహితులు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు ఇల్లు కొన్నా, కట్టినా ఆయన్ని తీసుకెళ్ళి చూపించాల్సిందే. మండపేటలో ఒక రైసుమిల్లు ఆసామి అయితే ఆయన మాట మీద కట్టిన ప్రహరీ పడగొట్టి మళ్ళీ కట్టించాడు. అలాంటాయన కూతురు వీధిపోటు ఇల్లు కొనడమంటే, మందు మానమని ఊరంతా తిరిగి చెప్పే ఆయన కూతురు వైన్‌షాపు పెట్టినట్టే. ఆయనకి చెప్పకుండా కొనెయ్యొచ్చు. కానీ ఆయన పీటల మీద కూర్చోబెట్టి మంత్రం చెప్పకుండా, ఏ ఇంట్లోనైనా సరే, నేను పాలు పొంగించలేను. అంత ప్రేమ నాకు ఆయనంటే. భయం కూడా కొంచెం ఉంది.

ఫోను చేశాను.

"నాన్నగారూ, ఒక ఇల్లు చూశామండి."

"ముఖం ఎటమ్మా?"

"పడమర."

"మంచిదే. ఎదురుగా ఏముంది?"

"గోదావరి గట్టు." అబద్ధం కాదు కదా.

"గట్టుకీ ఇంటికీ మధ్య?"

"సందు."

"అడ్డంగానా, నిలువుగానా?"

"మీరొచ్చి చూస్తే బావుంటుందండి" అన్నాను. "ఆదివారం వస్తాను" అని పెట్టేశారు.

ఆదివారమే గడువు కూడా. ఆ ఇంటినీ పక్క స్థలాన్నీ కలిపి అపార్ట్‌మెంటు కడతానని ఒక బిల్డరు తిరుగుతున్నాడు. కలిపేస్తే గేటు ఇంకో వైపు పెట్టుకోవచ్చు, పోటూ గీటూ ఉండదు. ఇల్లుగలాయన రిటైరైన రైల్వే ఉద్యోగి. భార్యతో తణుకులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. "మీరు ఉండటానికి కొంటున్నారు కనక మీకే ఇవ్వాలనుందమ్మా. ఆదివారం రాత్రికి మాటివ్వండి చాలు, సోమవారం ఆయనొస్తానన్నాడు" అన్నారు. నాన్నగారు కాదంటే ఇల్లూ పోతుంది, పేటా పోతుంది.

నాన్నగారు రావులపాలెంలో బస్సు మారి వచ్చారు. అక్కడ దిగి చక్కెరకేళి అత్తం కొనకుండా రావడం ఆయనకి చేతకాదు. ఒక చేతిలో అరటిపళ్ళు, ఇంకో చేతిలో టేపూ దిక్సూచీ పంచాంగమూ ఉన్న సంచి. పళ్ళు నా చేతికిచ్చి నేరుగా గేటు దగ్గరికి వెళ్ళారు. టేపు ఒక కొస మా వారు పట్టుకున్నారు. కొలిచి, దిక్సూచి చూసి, మళ్ళీ కొలిచి, "నైరుతి వైపు పడింది. పోటే" అన్నారు.

"సందు కొంచెం వంకరగా ఉంది కదండీ. ఆ వంకర తీసేసి చూస్తే చూపే అవుతుందేమో."

"వంకరగా ఉన్నది సందు కాదమ్మా, నీ వాదన."

మా వారు నవ్వు దాచుకోవడానికి టేపు చుట్టడంలో మునిగిపోయారు. నేను ఆ పళ్ళ అత్తం పుచ్చుకుని నిలబడ్డాను. ఏడుపొస్తోంది. దాన్ని కోపంగా మార్చుకోవడానికి నానా తంటాలూ పడుతున్నాను.

ఇల్లుగలాయన అరుగు మీద కుర్చీలు వేశారు. నాన్నగారు డాక్టరు రోగిని అడిగినట్టు ఆయన్ని అడగడం మొదలుపెట్టారు.

"ఇంట్లో జబ్బులేమైనా ఉన్నాయాండీ?"

"షుగరుందండి."

"అది అందరికీ ఉంది. నష్టాలు?"

"ఒకసారి సైకిలు పోయిందండి. స్టేషన్‌లో పెట్టినప్పుడు."

"గొడవలు?"

"మా ఆవిడతో రోజూ అవుతాయండి. అది పోటు వల్లంటారా పంతులుగారూ?"

లోపల్నుంచి ఆవిడ, "పోటు కాదు, ఆయన నోటి దురద. ముందు మజ్జిగ పుచ్చుకోండి" అంటూ గ్లాసులు తెచ్చారు. నాన్నగారు మొహం గంభీరంగానే పెట్టుకుని మజ్జిగ తాగారు.

అప్పుడే కరెంటు పోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం దాటిన వేళ. ఇక ఉడికిపోతామనుకుని నేను విసనకర్ర కోసం వెతుకుతున్నాను. ఇంతలో గాలి తిరిగింది. గోదావరి మీంచి గట్టెక్కి, ఎక్కడా ఆగకుండా సందంతా దూసుకుంటూ వచ్చి అరుగు మీద పడింది. పంచాంగం కాగితాలు ఎగిరాయి. నాన్నగారి ఉత్తరీయం భుజం మీంచి జారిపోయింది. ఆయన దాన్ని సర్దుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "ఒక్క నిమిషం" అని కళ్ళు మూసుకున్నారు.

గురక మొదలైంది. పరాయి ఇంట్లో పచ్చి మంచినీళ్ళు తాగడానికే మొహమాటపడే మనిషి, పోటుకి సరిగ్గా ఎదురుగా కూర్చుని హాయిగా నిద్రపోయారు. మేం నలుగురం గుసగుసలాడుకుంటూ అరటిపళ్ళు తిన్నాం.

లేచాక కాస్త సిగ్గుపడ్డారు. మొహం కడుక్కొచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పోటేనమ్మా. అందులో అనుమానం లేదు."

"సరేనండి" అని లేవబోయాను.

"మా చిన్నప్పుడు ఊరి పక్క పాయకి సముద్రం నుంచి రోజూ పోటొచ్చేది. పోటెక్కితే గానీ పడవ కదిలేది కాదు. ఎవరూ దాన్ని ఆపమనలేదు. దాని వేళ చూసుకుని బతికారు." ఆగి, సందు వైపు చూశారు. "కొనుక్కో. గుమ్మం పక్కన గోడలో వినాయకుణ్ణి పెడదాం. కానీ ఒక్కటి. ఎవరడిగినా నేను పోటే అని చెబుతాను. చూపు అని మాత్రం నాచేత అనిపించకు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఈసారి ఏడుపుని కోపంగా మార్చుకోవాలనిపించలేదు.

గృహప్రవేశం నాడు నాన్నగారే మంత్రం చెప్పారు, పాలు గట్టు వైపే పొంగాయి. పిలవాలి కదా అని మండపేట ఆసామినీ పిలిచాం. ఆయన గేటు దగ్గరే ఆగి, సందు చూసి, భోజనాల దగ్గర అందరూ వింటుండగా అడిగేశాడు.

"పంతులుగారూ, నాచేత గోడ పడగొట్టించారు. మీ అమ్మాయికి మాత్రం పోటున్న ఇల్లు కొనిపించారేంటండీ?"

బూరెలు వడ్డిస్తున్న నేను నాన్నగారి వైపు చూశాను. నాన్నగారు నెమ్మదిగా చెప్పారు.

"మీకు ఇంకోలా కట్టుకునే వీలుందండి, వద్దన్నాను. మా అమ్మాయికి దొరికింది ఇదొక్కటే. వద్దనడం ఎంతసేపండీ, ఇంకో దారి ఉన్నవాళ్ళతో." ఆ మాట అనేసి, ఆసామి విస్తట్లో ఇంకో బూరె వెయ్యమని నాకు సైగ చేశారు. ఆయన రెండు తిన్నాడు.

తర్వాత పేట ఇంకా పెరిగింది. మా సందు మొదట్లో కేకుల షాపు వచ్చింది. సామాన్లు తెచ్చేవాళ్ళు ఎవరినీ అడగకుండా నేరుగా వినాయకుడింటికి వచ్చేస్తారు, దారి తప్పినవాళ్ళు కూడా మా గుమ్మంలోనే తేలతారు. నేను ఇప్పటికీ గట్టు మీదుగానే కాలేజీకి నడుస్తాను. నాన్నగారు నెలకోసారైనా వస్తారు, కూతురి మీద బెంగ అంటారు. అరుగు మీద కుర్చీ మీద బెంగ అని మా అందరికీ తెలుసు.

మొన్న ఆయన ఉండగానే మా పాత బ్రోకరు వచ్చాడు. గొంతు మళ్ళీ పెద్దదయింది. వెనకాల చల్లటి కార్లోంచి దిగిన ఒక పార్టీ ఉంది.

"మేడమ్, మీరు ఎంతంటే అంతండి. రివర్ వ్యూ అని వీళ్ళు ముచ్చటపడుతున్నారు. వీధిచూపు ఇల్లని చెప్పానండి, ఆయ్."

నాకు ముక్కు మీదికి రావాల్సింది వచ్చేసింది. అమ్మనని అప్పటికి ఎన్నోసార్లు చెప్పాను, అయినా వదలడు. నేను నోరు తెరిచేలోపే ఆ వచ్చినాయన అరుగు మీద విభూతి పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషిని చూసి, నమస్కారం పెట్టి అడిగాడు.

"మీలాంటి పెద్దలు చెబితే ధైర్యంగా ఉంటుందండి. చూపే కదండీ?"

నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, సందుని కొస దాకా చూసి, తల అడ్డంగా ఊపారు.

"పోటు నాయనా. నేనే కొలిచాను. గట్టి పోటు."

వాళ్ళు గేటు దగ్గర మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. కారు సందు మలుపు తిరిగేదాకా ఆయన మొహంలో నవ్వు లేదు. తర్వాత ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నారు.

"గాలి తిరిగింది, అమ్మాయ్. కుర్చీ కాస్త గుమ్మానికి ఎదురుగా జరుపు."